మనవాడికి నేను వేసిన మార్కులు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ వేలమంది పిల్లల పేపర్లు దిద్దాను. ఒక్క మార్కు దగ్గర కూడా నన్నెవరూ నిలదీయలేదు. నిలదీయాల్సిన మార్కులు ఒకే ఒక్కసారి వేశాను, అదీ ఒక పెద్దమనిషికి. మీలో ఎవరైనా ఇప్పుడు ఇంటర్వ్యూ బోర్డుల్లో కూర్చునే వయసుకి వస్తుంటే, ఈ రిటైరైపోయిన లెక్కల పంతులమ్మ చేసిన నిర్వాకం ఒకసారి వినండి. మీకు పనికొస్తుందో రాదో గాని, చెప్పుకుంటే నాకు కాస్త బరువు దిగుతుంది.

మా ఆయనది రైల్వే ఉద్యోగం. సూరత్‌కి బదిలీ మీద వచ్చాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక ప్రైవేటు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పడానికి చేరాను. చేరిన రెండో ఏడే నన్ను క్రీడల కమిటీ కన్వీనర్ని చేశారు. ఆటలంటే నాకేదో ప్రాణమని అనుకునేరు. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు వడోదరకో రాజ్‌కోట్‌కో వెళ్లాలంటే వెంట ఒక లేడీ టీచరు ఉండాలి. మిగతావాళ్లంతా అప్పటికే తలా ఒక సాకు చెప్పి తప్పించుకున్నారు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు, కాలేజీలో రోజుకి నాలుగు క్లాసులు. తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నట్టుండేది నా పని.

ఆ జట్టు కోచ్ మన తెలుగాయనే. కరీంనగర్ వైపు నుంచి చిన్నతనంలోనే సూరత్ వచ్చేసిన నేతపని కుటుంబం. ఒకప్పుడు అక్కడి బట్టల మిల్లొకటి సొంతంగా బాస్కెట్‌బాల్ టీము నడిపేదట. పొడుగు చూసి ఆయన్ని అందులోకి తీసుకున్నారు. తర్వాత మిల్లు మూతపడింది, టీమూ పోయింది. ఆయన ఊరి చివర భేస్తాన్‌లో ఒక కార్ఖానాలో సాంచెలు, అదే పవర్‌లూమ్ మగ్గాలు, నడుపుకుంటూ సాయంత్రాలు మా కాలేజీలో తాత్కాలిక కోచ్‌గా పనిచేసేవారు.

ఆ తాత్కాలికం పద్నాలుగేళ్లు సాగింది. సాయంత్రాలు ఖాళీగా ఉండాలని పద్నాలుగేళ్లూ ఆయన రాత్‌పాళీయే చేశారు, అంటే రాత్రి షిఫ్టు. పొద్దున్న ఏడింటికి ఇల్లు చేరి, నాలుగు ముద్దలు తిని పడుకుని, నాలుగున్నరకి మా కోర్టులో ఉండేవారు. ఆరు కొట్టగానే పిల్లల్ని ఇళ్లకి తరిమేసేవారు. ఏడింటికి మళ్లీ సాంచెల ముందు నిలబడాలి.

నేనాయన్ని మాస్టారూ అని పిలిచేదాన్ని. "నన్ను మాస్టారు అన్నది మీరొక్కరే మేడమ్. కార్ఖానల అందరు పొడుగోడా అంటరు" అని నవ్వేవారు. కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి. కొత్తగా చూసినవాళ్లు తాగొచ్చాడనుకునేవారు.

ఆయన్ని మరీ దేవుణ్ణి చేసి చెప్పను. కోపం ముక్కు మీదే ఉండేది. హాజరు పట్టిక రాయమంటే రాసేవారు కాదు, "ఎవరొచ్చిన్రో కండ్లకు కనిపిస్తలేదా?" అనేవారు. ఆట మిల్లు రోజుల దగ్గరే ఆగిపోయిందని చూసినవాళ్లు అనేవారు, అందులో నిజం లేకపోలేదు. అప్పటికి మూడేళ్లుగా అంతర్ కళాశాలల పోటీల్లో మేం సెమీఫైనల్ దాటలేదు. అయితే ఉధనా, భేస్తాన్ వైపు మగ్గాల కుటుంబాల పిల్లలు ఏడెనిమిది మంది ప్రతి ఏడూ జట్టులో ఉండేవారు. ఆ ఇళ్ల తండ్రులు ఆడపిల్లని నిక్కరేసుకుని ఆడనిచ్చేవాళ్లు కాదు. ఈయన ఇంటింటికీ వెళ్లి, గడపలో కూర్చుని, వాళ్ల టీ తాగి, ఒప్పించి తెచ్చేవారు.

తాపీ నది పొంగి సూరత్‌ని ముంచేసిన వరదకి ముందటి ఏడు కోచ్ పోస్టు పర్మనెంటుగా మంజూరైంది. ఆయనకి అప్పటికి యాభై దాటాయి. చాలాకాలంగా పనిచేస్తున్నవాళ్లకి వయసు విషయంలో ఈ ఒక్కసారికే సడలింపు ఇస్తామన్నారు. వస్తే రాత్రి షిఫ్టు మానేయొచ్చు. రాకపోతే ఉన్న తాత్కాలికం కూడా పోతుంది, ఒక జట్టుకి ఇద్దరు కోచ్‌లు ఎందుకు?

దరఖాస్తు ఇచ్చిన రోజు ఆయన మా స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు.

"మేడమ్, బోర్డుల మీరు గూడ ఉంటరట గదా?"

"ఉంటాను మాస్టారూ."

"గట్లైతే మంచిదే" అన్నారు. వెళ్లబోతూ వెనక్కి తిరిగి, "ఈ పని దొరికితే రాత్‌పాళీ బందైతది. రాత్రి నిద్ర ఎట్లుంటదో జర చూస్త" అని వెళ్లిపోయారు. సిఫారసు అడగలేదు. ఆయన అన్నదల్లా ఆ ఒక్క 'మంచిదే'.

ఆయన అటు వెళ్లారో లేదో, పక్క టేబుల్ దగ్గరి కామర్స్ లెక్చరరు, అక్కడి అలవాటుగా నన్ను బెన్, అంటే అక్కా, అని పిలుస్తూ హిందీలో అందుకున్నాడు. "ఇంకేం బెన్! మీవాడికి పోస్టు ఖాయం. స్వీట్లు ఎప్పుడు?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. లోపల మాత్రం ముల్లు దిగింది. అంతకు ముందు జూన్‌లోనే ఒక తెలుగు పిల్లకి మార్కుల మీద న్యాయంగా సీటొస్తే, నేను ఇప్పించానని కాలేజీ అంతా గుసగుసలాడారు. పరాయి ఊళ్లో మనం సంపాదించుకునేది మంచి పేరొక్కటేనని మా నాన్నగారు చెబుతుండేవారు. ఆ పేరంటే నాకు పిచ్చి. స్టాటిస్టిక్స్ మేడమ్ నిక్కచ్చి మనిషి అని ఎవరైనా అంటే ఆ పూట అన్నం ఎక్కువ తినేదాన్ని.

పోటీకి చివరికి మిగిలింది ఇద్దరే. ఈయనా, ఇరవై ఆరేళ్ల ఒక గుజరాతీ అమ్మాయీ. రాష్ట్ర జట్టుకి ఆడింది, కోచింగ్‌లో డిప్లొమా చేసింది, మాట స్పష్టంగా ఉంది. ఆడపిల్లల జట్టుకి ఆడమనిషి కోచ్ అయితే నా ప్రయాణాలు కూడా తప్పుతాయన్న స్వార్థం నాకు లేదనను.

ఎంపిక రోజున, ఇంటర్వ్యూకి ముందు, కోర్టులో చెరో అరగంట ఇచ్చాం. బోర్డులో నలుగురం. ప్రిన్సిపాలు, చీరల వ్యాపారం చేసే ట్రస్టీ, బయటి నుంచి నిపుణుడిగా వచ్చిన ఒక రిటైర్డు క్రీడాధికారి, నేను. వేపచెట్టు నీడలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

మొదట ఆ అమ్మాయి. చక్కటి ట్రాక్‌సూటు, మెడలో విజిలు, చేతిలో స్టాప్‌వాచీ. రంగురంగుల ప్లాస్టిక్ శంకువులు నేల మీద వరసగా పెట్టి, పిల్లల్ని వాటి మధ్య పరిగెత్తించింది. ఏ కండరానికి ఏ వ్యాయామమో చెప్పింది. చివర్లో అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి ఏం తినాలో చెప్పింది. పిల్లల మొహాలు వెలిగిపోయాయి. ఏదో కొత్త గాలి వచ్చినట్టు నాకే అనిపించింది.

తర్వాత ఆయన. రాత్రంతా షిఫ్టు చేసి, పగలు నిద్ర లేకుండా వచ్చారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకున్నారు, ఎప్పుడూ వేసుకోనిది. పిల్లల్ని ఆడమని చెప్పి, చేతులు వెనక్కి కట్టుకుని ఏడెనిమిది నిమిషాలు ఊరికే చూస్తూ నిలబడ్డారు. ట్రస్టీ గడియారం చూసుకున్నాడు. అప్పుడు ఆయన బంతి ఎన్నిసార్లు వేసినా బుట్టలో పడని ఒక పిల్ల దగ్గరికి వెళ్లి, ఆమె ఎడమపాదం పక్కన వంగి, నేల మీద గోటితో గీత గీశారు. పాదం ఆ గీత మీద పెట్టమన్నారు. ఆ పిల్ల వేసిన తర్వాతి అయిదు బంతుల్లో నాలుగు పడ్డాయి. ఇంకో పిల్లని పక్కకి పిలిచి, "ఇయ్యాల తిన్నవా?" అని తెలుగులో అడిగారు. లేదంటే ఆమెని ఆటలోంచి తీసేసి నీడలో కూర్చోబెట్టారు. మిగిలిన సమయమంతా ఇలాంటివే, ఒక్కొక్కరికీ ఒక్కో చిన్న మాట.

"పాత పద్ధతి" అన్నాడు నిపుణుడు. కొంచెం ఆగి, "కాని కన్ను ఉంది" అని కూడా అన్నాడు.

లోపల ఇంటర్వ్యూ. ఏడాదికి మీ శిక్షణ ప్రణాళిక ఏమిటి అని అడిగితే ఆయన హిందీలో, "పిల్లల్ని చూడకుండా ప్లాను ఎలా చెప్తాను సాబ్?" అన్నారు. సర్టిఫికెట్లు అడిగితే మిల్లు టీము ఫొటో ఒకటి తీసి బల్ల మీద పెట్టారు. నా వంతు వచ్చింది. ఇంటింటికీ తిరిగి పిల్లల్ని ఎలా తెస్తారో చెప్పమని అడిగుంటే ఆయన గంట సేపు చెప్పగలరు. ఆ ప్రశ్న నా నాలుక చివరే ఉంది. మనవాడికి అందించింది అంటారేమోనని మింగేశాను. ఆట కొత్త నిబంధనల్లో ఫలానా మార్పు గురించి మీ అభిప్రాయం ఏమిటని, ముందురోజు పుస్తకంలో చూసి రాసుకున్న ప్రశ్న అడిగాను. ఆయన నా వైపు అదోలా చూశారు. "ఎరుక లేదు మేడమ్" అన్నారు.

ఒక్కొక్కరం పాతికకి మార్కులు వేయాలి. నాకు ముందు పెన్సిల్‌తో వేసుకునే అలవాటు. ఆ అమ్మాయికి పందొమ్మిది వేశాను. ఆయనకి ఇరవై ఒకటి వేశాను. నా మనసుకి తోచిన లెక్క అదే. అప్పుడు ప్రిన్సిపాలు మార్కుల కాగితాలు ఇమ్మని చెయ్యి చాపాడు. కామర్స్ లెక్చరరు నవ్వు గుర్తొచ్చింది. ఇరవై ఒకటి చెరిపి, పదిహేడు వేసి, దాని మీద పెన్నుతో దిద్ది ఇచ్చాను. ముగ్గురు పెద్దమనుషులు ఉండగా నా నాలుగు మార్కులతో ఏం మునిగిపోతుందిలే అనుకున్నాను. పైగా ఎంత నిష్పక్షపాతంగా ఉన్నానో అని గర్వపడ్డాను కూడా. ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండు మార్కుల తేడాతో ఆ అమ్మాయికి పోస్టు వచ్చింది.

మర్నాడు సాయంత్రం ఆయన వచ్చి, స్టోర్‌రూములోని బంతులన్నిటికీ గాలి కొట్టి, తాళంచెవి ప్యూనుకిచ్చి వెళ్లారట. నేను ఆ సమయానికి క్లాసులో ఉన్నాను. క్లాసు అయిపోయాక కూడా పావుగంట అక్కడే కూర్చున్నానన్నది నిజం.

వారం తర్వాత ఏదో ఫైలు మీద సంతకానికి వెళితే ప్రిన్సిపాలు టీ తెప్పించాడు. మంచి మనిషే. మాటల మధ్యలో అన్నాడు, "బెన్, మీరు మమ్మల్ని ఆశ్చర్యపరిచారు. మీరు మీ తెలుగాయనకి ఎలాగూ ఇరవై నాలుగో పాతికో వేస్తారని మేమందరం అనుకున్నాం. మరీ ఏకపక్షంగా కనిపించకూడదని మేం ముగ్గురం ఆయనకి కొంచెం తగ్గించి వేశాం. ఆయనే వస్తాడనుకున్నాం. అందరికీ ఆయనంటే ఇష్టమే కదా!"

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను, తాగలేకపోయాను. ఆ గదిలో నలుగురమూ ఆయనే రావాలనుకున్నాం. నలుగురమూ కలిసి ఆయన్ని బయటికి పంపాం. వాళ్లు నన్ను నమ్మి తగ్గించారు, నేను వాళ్లకి భయపడి తగ్గించాను. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా పెరటి చెట్టుని చేతులారా నరికింది నేనే. ఫలితం కాగితం అప్పటికే ట్రస్టుకి వెళ్లిపోయింది. వెళ్లకపోయినా, నేను నోరు తెరిచేదాన్నని గట్టిగా చెప్పలేను.

ఆ అమ్మాయిని ఒక్క మాట అనను. ఎండ ఉండదని, ఒంటికి మంచిదని ప్రాక్టీసు పొద్దున్న ఆరింటికి మార్చింది. శాస్త్రం ప్రకారం ఆమె చేసింది సరైనదే. కాని మగ్గాల ఇళ్లలో ఆరూ ఏడూ అంటే పాళీ మారే వేళ. రాత్రి షిఫ్టు తండ్రి వస్తాడు, పగటి షిఫ్టు అన్న వెళతాడు, డబ్బాలు కట్టాలి, నూలు కండెలు చుట్టాలి. ఆడపిల్ల ఇంట్లో లేకపోతే పొయ్యి వెలగదు. పైగా ఆ వేళ వీధులన్నీ మగవాళ్లతో నిండి ఉంటాయని పిల్లల్ని బయటికి పంపరు. ఆయన ఆరు కొట్టగానే పిల్లల్ని ఎందుకు తరిమేసేవారో నాకూ అప్పుడే అర్థమైంది. రెండు నెలల్లో భేస్తాన్ పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. "నన్ను చూస్తే వాళ్లకి ఎందుకు ఇష్టం లేదు బెన్?" అని ఆ అమ్మాయి నా దగ్గరికొచ్చి కళ్లనీళ్లు పెట్టుకుంది. విషయం చెబితే వెంటనే సాయంత్రానికి మార్చింది. అప్పటికే నలుగురికి పెళ్లి సంబంధాలు కుదిరిపోయాయి, మిగిలినవాళ్లలో ఇద్దరే తిరిగొచ్చారు. మరుసటి ఏడు వరదకి కోర్టంతా మోకాలి లోతు బురద పేరుకుంటే, తనే పార పట్టుకుని పిల్లలతో కలిసి ఎత్తిపోసింది. ఇంకో ఏడాదికి పెద్ద ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. ఆ వయసుకి అది సహజం. మేమే దాన్ని లెక్కలో వేసుకోలేదు.

అప్పుడు ప్రిన్సిపాలు నన్ను పిలిచి, "పర్మనెంటు ఇవ్వడానికి వయసు దాటింది గాని, పాతాయన తాత్కాలికంగా వస్తాడేమో కనుక్కోండి" అన్నాడు. రెండేళ్లకి పైగా ఆ వైపు కాలు పెట్టనిదాన్ని, ఆ మాట పట్టుకుని ఆదివారం పొద్దున్నే ఆటో ఎక్కి భేస్తాన్ వెళ్లాను. నాకు దేవుడిచ్చిన అవకాశం అనుకున్నాను.

కార్ఖానాల వెనక రెండు గదుల ఇల్లు. సాంచెల చప్పుడు గోడల్లోంచి వస్తూనే ఉంది. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నారు, సగం మనిషయ్యారు. పక్కన ముప్పై దాటిన ఒక పొడుగాటి మనిషి నేల మీద కూర్చుని చీర అంచుకి మెరుపు రాళ్లు అతికిస్తోంది. "నా బిడ్డ" అన్నారు. ఆమె లేచి నాకు కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

వచ్చిన పని చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇగ నాతోని కాదు మేడమ్. పది అడుగులేస్తే ఊపిరాడ్తలేదు. రాత్‌పాళీ ఇప్పుడైతే బందైంది లెండి" అని నవ్వబోయారు. దగ్గు వచ్చింది. తగ్గాక సూటిగా నా కళ్లలోకి చూశారు. "ఒక్క మాట అడుగుత. నిజం చెప్పున్రి. ఆ దినం మీరెంత వేసిన్రు నాకు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "పదిహేడు."

"మీ మనసుల ఎంతుండె?"

"ఇరవై ఒకటి." ఇక ఆపుకోలేకపోయాను. "తప్పు చేశాను మాస్టారూ. మనవాడని వేసిందంటారని భయపడ్డాను. నన్ను క్షమించండి" అని ఆయన ముందు ఏడ్చేశాను.

"నాకు ఎరుకే" అన్నారు ఆయన. "ఆ ప్రశ్న అడిగినప్పుడే సమజైంది. ఇంటికొచ్చి మిమ్ముల మస్తు తిట్టిన. అబద్ధమెందుకు? తిట్టి తిట్టి, రాత్రి సాంచె కాడ నిలబడ్డంక నా బిడ్డ యాదికొచ్చింది."

లోపలి గది వైపు చూసి గొంతు తగ్గించారు.

"మీరప్పటికి కాలేజీకి రాలే. నేను కొత్తగ కోచ్ అయిన. ఇది గూడ ఆన్నే చదువుతుండె. టీముల దీనంత మంచిగ బంతి వేసెటోళ్లు లేరు మేడమ్. పన్నెండు మందిని ఏరేటప్పుడు దీని పేరు కొట్టేసిన. కోచ్ బిడ్డని పెట్టుకున్నడంటరని. అందరు శభాష్ అన్నరు, ఎంత ఈమాన్దార్ అన్నరు. నాకు ఛాతీ గింత అయింది. ఇది ఆ దినం ఇంటికొచ్చి మాట్లాడలే. మల్ల కోర్టు మొహం చూడలే, కాలేజి గూడ బంద్ చేసింది. ఆ ఏడే పెండ్లి చేసిన. ఎందుకు తీసేసినవ్ బాపూ అని ఇంతవరకు ఒక్కపారి అడగలే."

ఆమె టీ తెచ్చింది. తండ్రి మాటలు వినే ఉంటుంది, ఆ ఇంట్లో వినపడకుండా దాచుకునేంత దూరం లేదు. "అవన్ని ఇప్పుడెందుకు బాపూ" అని మాత్రం అని, నాకు కప్పు అందించి, మళ్లీ చీర ముందు కూర్చుంది. తలెత్తలేదు.

నేను లేచేటప్పుడు ఆయన గుమ్మం దాకా వస్తానన్నారు, వద్దన్నాను. మంచం మీద నుంచే చేతులు జోడించారు.

"నా బిడ్డ ఉసురు నాకు తాకింది మేడమ్. నాది మీకు తాకొద్దు."

ఆ వేసవిలోనే మా ఆయనకి బదిలీ అయింది, సూరత్ వదిలి వచ్చేశాం. ఆ తర్వాత రెండేళ్లకి ఆయన పోయారని తెలిసింది. ఆ చివరి మాట తలుచుకుని, పెద్దమనసుతో క్షమించారని మావాళ్లందరికీ చెప్పుకున్నాను. విన్నవాళ్లూ అదే అన్నారు. ఒక్కదాన్నీ కూర్చున్నప్పుడు మాత్రం అలా అనుకోలేను. తాకొద్దు అన్నారంటే, ఉసురు ఉందనేగా.